పాటకు పేరు, పాడినవారికి ప్రతిఫలం

రేడియో అనేది ప్రభుత్వానికో, కోటీశ్వరులకో తప్ప సామాన్యులకు అందని వస్తువని మన పెద్దలు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలు రుచించలేదు. ఒక్క మంత్రి అభిరుచి కారణంగా ఆ పాటలు ఆకాశవాణి నుండి దాదాపు తొలగిపోయాయి. శ్రోతలు ఊరకుండలేదు, ముల్లు తిప్పి సిలోన్ పట్టుకున్నారు. ఆ యేడే డిసెంబరులో అమీన్ సయానీ గారి గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలయింది. 1957లో వివిధభారతి వచ్చేదాకా మన దేశపు పాటను పొరుగు దేశం నుండి వినవలసి వచ్చింది.

ఆకాశతరంగాలు ప్రజల సొత్తు అని సుప్రీం కోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు చిన్న రేడియో కేంద్రాలు పెట్టుకునే అవకాశం వచ్చింది. అయినా అనుమతిపత్రం, స్తంభం, ప్రసారయంత్రం అన్న మాటలు వినగానే ఒక కళాశాల వెనుకంజ వేయడం సహజమే. ఇంటర్నెట్ రేడియోకు ఆ తరంగంతోనే పని లేదు. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున పంపితే ఒక శ్రోతకు గంటకు ఖర్చయ్యేది సుమారు 29 మెగాబైట్లు. వందమంది విన్నా గంటకు 3 గిగాబైట్లలోపే. ఐస్‌కాస్ట్ వంటి ప్రసార సాధనం, ఆడాసిటీ వంటి ధ్వని సవరణ సాధనం ఉచితంగానే దొరుకుతాయి. ఒక నిశ్శబ్దమైన గది, ఒక మైకు, ఒక కంప్యూటరు, నలుగురు ఓపికగలవారు ఉంటే చాలు.

ఈ దారిలో నడిచినవారు లోకంలో ఎందరో ఉన్నారు. లాస్ ఏంజెలిస్‌లో డబ్‌ల్యాబ్ 1999లోనే మొదలయింది. లండన్‌లోని డాల్‌స్టన్ ప్రాంతంలో 2011లో పుట్టిన ఎన్.టి.ఎస్. రేడియో నేడు దేశదేశాల శ్రోతలను సంపాదించుకుంది. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 2016లో వెలసిన ది లాట్ రేడియో. ఖాళీగా పడివున్న ముక్కోణపు స్థలంలో, ఓడలలో సరుకు పంపే పాత ఇనుప పెట్టె ఒకటి తెచ్చిపెట్టి, అందులో స్టూడియో ఏర్పరచుకున్నారు. పక్కనే కాఫీ, పానీయాలు అమ్ముతారు. ఆ రాబడితో రేడియో నడుస్తుంది. ఇరానీ చాయ్ హోటలు గోడకు ఆనుకొని ఒక రేడియో ఉన్నదనుకోండి! హైదరాబాదువాసులకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు.

2020 మార్చిలో, లోకమంతా తలుపులు మూసుకున్నవేళ, పాలస్తీనాలోని బేత్లహేము, రమల్లా పట్టణాల మిత్రులు కొందరు కలిసి రేడియో అల్‌హారా ప్రారంభించారు. అరబ్బీలో హారా అంటే మన మొహల్లా, మన వాడ. గడప దాటలేని మనుషులు ఒకరి ఇంటి పాటను మరొకరి ఇంటికి పంపుకున్నారు. వాడ అన్న పేరు పెట్టుకున్న ఆ రేడియోను ఇతర దేశాలవారు కూడా చెవియొగ్గి విన్నారు.

మనకు దగ్గరలోనే మరొక నిదర్శనం ఉంది. అది ఇంటర్నెట్ రేడియో కాదు, 90.4 మెగాహెర్ట్జ్ పైన వినిపించే చిన్న కేంద్రం. జహీరాబాదు సమీపంలోని మాచ్‌నూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియో అది. నడిపినవారు పొలం పని చేసుకునే దళిత స్త్రీలు. విత్తనాల ముచ్చట, వంట ముచ్చట, తాతముత్తాతలనాటి పాట తమ యాసలోనే వినిపించారు. పట్టభద్రులం కాబోతున్న మనకు అది అసాధ్యమని చెప్పుకోవడానికి ఇక నోరు రాదు.

ఇక మా అభిప్రాయం చెబుతాము. రేడియో పెడదామని ముచ్చటపడే విద్యార్థి మిత్రులలో చాలామంది మనస్సులో ఉన్నది సినిమా పాటల కార్యక్రమం. మేము దానికి అంగీకరించలేము. మొదటి కారణం చట్టం. 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 31-డి సెక్షను ప్రకారం ప్రసార సంస్థలు నిర్ణీత రుసుము చెల్లించి పాటలు వాడుకోవచ్చు. ఆ సదుపాయం రేడియోకు, టెలివిజనుకే గాని ఇంటర్నెట్ ప్రసారానికి వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది. 2022లో ధర్మాసనం దానినే ఖాయపరచింది. అంటే ప్రతి పాటకూ దాని హక్కుదారుల తలుపు తట్టాలి. చిన్నవాళ్లకు అది తలకు మించిన బరువు. ఎవరు చూడవచ్చారులే అని వాడుకోవడం కళాశాల పేరు పెట్టుకున్నవారు చేయదగిన పని కాదు.

చట్టం అడ్డు రాకపోయినా మా మాట మారదు. సినిమా పాటకు చెవుల కరువు లేదు. కరువున్నది మరొకచోట. పాతబస్తీలో పెండ్లికి ముందు మాంఝా నాడు, రత్‌జగా నాడు ఆడవాళ్లు కూర్చొని ఢోలక్ కే గీత్ పాడతారు. వియ్యపురాలిని ఆట పట్టించే ఆ దక్కనీ చమత్కారం ఏ పుస్తకం చదివినా పట్టుబడేది కాదు. ఆ ఢోలక్ పక్కన ఇప్పుడు డి.జె. పెట్టెలు వచ్చి నిలుచున్నాయి. ఎ.సి. గార్డ్స్ సిద్దీలు, బార్కస్ అరబ్బులు తరతరాలుగా నిలుపుకున్న మర్ఫా వాద్యం ఉంది. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగకు అలావ చుట్టూ తిరుగుతూ హసన్, హుస్సేన్‌ల కథను తెలుగులో పాడే హిందూ సోదరులున్నారు. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఒకే ప్రాంగణంలో చదువుకునే మనకంటె ఈ పాటలు దగ్గరైనవారెవరు?

అందుకే మేము కోరేది రేడియో ఒక్కటే కాదు. దాని పక్కన చిన్న సంగీత ప్రచురణ సంస్థ, అనగా లేబులు కూడా ఉండాలి. రేడియో పాటను వినిపించి ఊరుకుంటుంది. లేబులు ఆ పాటను పేరుతో, తేదీతో, ఊరితో నిలబెడుతుంది. ఈ వాడల పాటలు ఇప్పుడు ఫోనులలో తిరగడం లేదా అని అడగవచ్చు. తిరుగుతున్నాయి. పాడినది ఎవరో, ఎక్కడో, ఎప్పుడో తెలియకుండా తిరుగుతున్నాయి. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించేది. జర్మనీలోని హానోవరులో పళ్లెం తయారుచేసే పనివారికి గాయని ఎవరో తెలియాలని అలా చేసేవారట. నూటయిరవై ఏళ్లు గడిచాయి. ఆనాడు పళ్లెం మీద ఉన్న పేరు ఈనాడు ఫోనులో లేదు! చట్టం మాత్రం పాడినవారికి తమ పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చింది.

పేరు తరువాతి ప్రశ్న డబ్బు. ఇక్కడ మన మిత్రులకు భ్రమలు వద్దు. స్పాటిఫై సంస్థ 2024 నుండి, గడచిన పన్నెండు నెలలలో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు ధ్వనిముద్రణ రాయల్టీ లెక్క కట్టడం లేదు. పీర్ల పాట ఒక్కొక్కటి యేడాదికి వేయిసార్లు ఎవరు వింటారు? 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ వంటిచోట శ్రోత నేరుగా కొనుక్కుంటాడు. సంస్థ నూటికి 15 వంతున తీసుకుంటుంది. 200 రూపాయల ఆల్బమ్ మీద 30 పోగా 170. చెల్లింపు రుసుములు కూడా పోయాక నలభైమంది కొన్నా చేతికి వచ్చేది 6,800 లోపే. అమ్మకంలో వాటా ఇస్తామనడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమ్మకమే లేనినాడు ఆ వాటా సున్న. కాబట్టి మైకు ముందు కూర్చున్న గాయనికి ఆ రోజే, ఆ గదిలోనే, చేతికి సొమ్ము అందాలని మా నిశ్చితాభిప్రాయం. ఆల్బమ్ అమ్ముడయితే వాటా అదనం. సొమ్ము లేదంటే ఆ నెల ధ్వనిముద్రణ లేదు, అంతే.

మరొక మాట. ఒకరి ఇంట్లో దాచుకున్నది మనది కాదు. బ్యాండ్‌క్యాంప్‌ను 2022లో ఎపిక్ గేమ్స్ కొన్నది, 2023లో సాంగ్‌ట్రేడర్‌కు అమ్మింది. ఉద్యోగులలో దాదాపు సగంమంది బయటపడ్డారు. 2015కు ముందు పన్నెండేళ్లలో తన వద్ద చేరిన సంగీతం పోయిందని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. అందులో ఎందరు చిన్న గాయకుల ఒక్కగానొక్క ప్రతి ఉండెనో! మన ముద్రణలు కుదించని రూపంలో రెండు హార్డు డిస్కులలో ఉండాలి. ఒకటి స్టూడియోలో, రెండవది గ్రంథాలయపు బీరువాలో. ఈ పని చేయడానికి ఉత్సాహం చాలదు, క్రమశిక్షణ కావాలి. పాట పట్టుకురావడానికి పదిమంది వస్తారు. దానికి తేదీ వేసి బీరువాలో పెట్టడానికి ఒక్కరు దొరకడం కష్టం.

అన్నిటికంటె సున్నితమైన విషయం అనుమతి. ఢోలక్ పాటలు నాలుగు గోడల మధ్య, ఆడవాళ్ల మధ్య పాడుకునేవి. ఒక పెద్దావిడ సంతోషంగా పాడవచ్చు. కాని తన గొంతు పరాయి పురుషుల ఫోనులో మోగడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. అప్పుడు ఏం చేయాలి? కళ గొప్పది కనుక ఒప్పించాలని కొందరంటారు. మేము ఒప్పుకోము. ఆమె వద్దంటే వద్దు. ధ్వనిముద్రణ ఆమె ఇంట్లో, ఆమె మనుమరాలి చేతిలో ఉంటుంది, రేడియోలో ఉండదు. తొలుత సరేనని తరువాత వద్దన్నవారి పాటను కూడా తీసివేయాలి. పేరు వద్దు, పాట మాత్రం వినిపించండి అనేవారుంటారు. ఆ పేరు లేకపోవడం ఆమె కోరుకున్నది గనుక దానిని గౌరవించాలి. ఇదంతా విద్యార్థినులే చేయగల పని. పురుషులు ఆ ముంగిట నిలబడి చేసేదేమీ లేదు. పీర్ల పాటలకు వేరొక మర్యాద ఉంది. అవి మొహర్రం రోజుల పాటలు. ఋతువు కానప్పుడు పాడమని బలవంతపెట్టరాదు, దుఃఖగీతాన్ని కాలక్షేపపు పాటల మధ్య ఇరికించరాదు.

చదువు చెడుతుందని పాలకవర్గంలోని పెద్దలు శంకించడం న్యాయమే. అందుకే రోజంతా మోగే రేడియో మేము అడగడం లేదు. వారానికి ఒక్క గంట చాలు. పరీక్షల నెలలో అదీ వద్దు. వాద్యసంగీతం రుచించని కుటుంబాలు కూడా మన మధ్య ఉన్నాయి. వారి పిల్లలకు ముషాయిరా ఉంది, పద్యపఠనం ఉంది, పాత ఉత్తరాలు చదివి వినిపించే కార్యక్రమం ఉంది. రేడియో అంటే పాట ఒక్కటే అని ఎవరన్నారు?

ఆ ఒక గంటను అరగంట ఉర్దూకు, అరగంట తెలుగుకు పంచుదామన్న సూచన మాకు నచ్చలేదు. అలా పంచితే సగంమంది మొదటి అరగంట కాగానే లేచిపోతారు. ఢోలక్ పాటను తెలుగు విద్యార్థిని పరిచయం చేయాలి. పీర్ల పాటను ఉర్దూ విద్యార్థి పరిచయం చేయాలి. ఉచ్చారణ తడబడుతుంది, తడబడనివ్వండి. అర్థం అడిగి తెలుసుకోకుండా పరిచయ వాక్యాలు రాయలేరు గదా. ఆ అడగడం కోసమే ఈ ఏర్పాటు.

పాలకవర్గం వారిని మేము కోరేది సాయంత్రం రెండు గంటలు ఒక గది, ఒక బీరువా, గాయనీగాయకుల ప్రతిఫలం కోసం చిన్న నిధి, లెక్కలు చూడడానికి ఒక అధ్యాపకుడు. కంప్యూటరు, మైకు విద్యార్థులు తెచ్చుకోగలరు. మొహర్రం, సఫర్ నెలలలో పెండ్లిళ్లు తక్కువ, రంజానులో ఉండవు. మిగిలిన నెలలలోనే ఢోలక్ మోగుతుంది. ఆ నెలలు చేజారక ముందే నిర్ణయం తెలియజేస్తే ఈ యేడే పని మొదలు పెట్టవచ్చు.