శాలువా కాదు, లైఫ్ జాకెట్ కావాలి

1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. గోదావరి నిండితే శబరి ఎగదన్నుతుంది. కూనవరం, చింతూరు, వీఆర్ పురం మండలాల్లో ఎన్నో ఊళ్లకు బాటలు తెగిపోతాయి. ఈ వరద మాకు కొత్త కాదు, సర్కారుకూ కొత్త కాదు. మరి ప్రతిసారీ ఇప్పుడే చూసినట్టు ఎందుకు తడబడుతున్నారు?

గుట్టెక్కిన జనానికి ఆ రోజుల్లో డాక్టరైనా, ఆసుపత్రైనా నర్సమ్మే. నెలలు నిండిన గర్భిణి, పాము కరిచిన పిల్లవాడు, టీబీ మాత్రలు ఇంట్లో వదిలేసి వచ్చిన ముసలాయన, అందరూ ఆమె ముందే నిలబడతారు. ఆమె సంచిలో ఏముంది? ఆమెకు ఎవరు ఏం నేర్పారు?

'నర్సుకు సేవాభావం ఉండాలి' అని సభల్లో చెబుతారు. సేవాభావం పాము విషాన్ని దించదు. పది మంది ఒక్కసారే వస్తే ఎవరిని ముందు పడవెక్కించాలో తేల్చడం ఒక విద్య. ఒక పూట ఉపన్యాసం విని సంతకం పెడితే అది రాదు. ఏటా వానలకు ముందే పడవతో, స్ట్రెచర్‌తో, చీకట్లో టార్చిలైటు పట్టుకుని చేసి చూడాలి. అది చేయించనివాళ్లు వరద తగ్గాక ఆమెకు శాలువా కప్పి ఫొటో దిగుతారు. తప్పు జరిగితే మెమో ఇచ్చేదీ ఆమెకే.

2014లో మా మండలాలను ఆంధ్రలో కలిపారు. రాష్ట్రం మారింది, ఏరు మారలేదు. పెద్దాసుపత్రి ఉన్న భద్రాచలం తెలంగాణలోనే ఉండిపోయింది. వరదలో మా రోగిని ఎటు పంపాలో రెండు సర్కార్లూ ముందే కూర్చుని తేల్చాలి. మూడో హెచ్చరిక దాకా ఆగకుండా, 43 అడుగుల మొదటి హెచ్చరికకే గర్భిణులను తరలించాలి. మందులు జూన్‌లోనే సబ్ సెంటర్‌కు చేరాలి. నర్సమ్మకూ ఆశా కార్యకర్తకూ లైఫ్ జాకెట్లు ఇవ్వాలి. కోయ మాట తెలిసిన మా ఆడపిల్లలను నర్సింగ్ చదివించి ఇక్కడే ఉద్యోగమివ్వాలి.

మా వైపూ లోపముంది. ఊరు విడవడానికి భయపడి గర్భిణిని ఇంట్లోనే దాస్తున్నాం. ఏ దిబ్బ మునగదో మా పెద్దలకు తెలుసు, నర్సమ్మకు చెప్పం. టీచర్లూ, పిల్లలతో ఊరి పటం గీయించండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ పటం తీసుకెళ్లి నర్సమ్మ చేతికివ్వండి. ఆమె సంచి తెరిచి చూడండి. అది ఖాళీగా ఉంటే ఆమెను తిట్టకండి. ఆమెను వెంటబెట్టుకుని ఐటీడీఏ గుమ్మం ముందు కూర్చోండి. ఏరు పొంగాక అడిగితే ఎవరికీ వినపడదు.