అమ్మ పని రాయని పేజీ

పదో తరగతి పిల్లల్ని ‘నా గురించి’ ఒక పేజీ రాసుకు రమ్మంటే 31 మందీ ఒకే పేజీ రాసుకొచ్చారు. అందరి ఇల్లూ చిన్నదే గానీ అందమైనది. అందరి నాన్నా కష్టజీవి. అందరి అమ్మా గృహిణి. గైడు చూసి దించారని కోప్పడబోయి ఆగిపోయాను. ఆ వాక్యాల్ని ఆరో తరగతి నుంచి బోర్డు మీద రాసి దింపించింది మేమే.

షోలాపూర్ తెలుగిళ్ల సంగతి ఈ పేజీ చదివేవారికి కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల మనవలు, మునిమనవలు మా బడిలో చదువుతున్నారు. నాన్న సాంచెల మీద చాదర్లో టవళ్లో నేస్తాడు. ‘గృహిణి’ అని రాసిన అమ్మల్లో చాలామంది పొద్దుగూకేదాకా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు.

ఆ తరగతిలో లెక్కల్లో అందరికన్నా ముందుండే అమ్మాయి ఒకతె ఉంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టలేదు. ఎందుకమ్మా అంటే రెండు రోజులు ఏదో సాకు చెప్పింది. మూడో రోజు అసలు మాట బయటికొచ్చింది. దరఖాస్తుకు వాళ్లమ్మ బీడీ కార్డు జతచేయాలి. దాన్ని స్కాన్ చేయించాల్సిన నెట్ సెంటర్ తోటి విద్యార్థి వాళ్లది. చేతికందే డబ్బు వదులుకుంది గానీ కార్డు బయటపెట్టలేదు.

ఆకు ఎంతసేపు నానాలో, ఈనె అడ్డం పడకుండా ఎట్లా కత్తిరించాలో ఆ పిల్లకు తెలుసు. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి, కూలి లెక్క వెయ్యికి. నేను ఎక్కాలు చెప్పకముందే ఆమెకు ఈ లెక్క వచ్చు. బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు అమ్మ కూలి ఎంత తగ్గుతుందో కాగితం లేకుండా చెబుతుంది. ఇంత తెలిసిన పిల్ల అమ్మ గురించి రాసింది ఒక్క మాట. అదీ అబద్ధం.

మన ఊరి లక్ష్మీనారాయణ బోల్లి గారు మరాఠీలో పేరున్న తెలుగింటి రచయిత. తన ఆత్మకథకు ‘ఏకా సాళియానే’ అని పేరు పెట్టుకున్నారు. సాళీ అంటే సాలెవాడు. ఆయన పోయింది 2018లోనే, అయినా మా పిల్లల్లో ఆ పేరు విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు పిల్లలది కాదు.

తోటి మాస్టారు ఒకాయన, ‘కష్టాలు చెప్పుకుని బతకడం నేర్పుతున్నావా?’ అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. సానుభూతి కోసం ఇంటి గోడు వినిపించే అలవాటు మంచిది కాదు. నేను రాయమంటున్నది కన్నీళ్లు కాదు, పని. రేపు పుణెలో ఇంటర్వ్యూకు పోతే మార్కులు అందరికీ ఉంటాయి. వెయ్యి బీడీల లెక్క ఈమె ఒక్కతే చెప్పగలదు. పిల్లలు ఒప్పుకోనిదే వాళ్ల పేజీ తరగతిలో చదవకూడదు, గోడకు అంటించకూడదు. ఇందులో మాత్రం రాజీ లేదు.

మన ఎర్ర పెన్నుకూ ఇందులో వాటా ఉంది. ఒకబ్బాయి ‘తంబాకు’ అని రాస్తే ‘పొగాకు’ అని దిద్దాను. ‘సాంచె’ను ‘మరమగ్గం’ చేశాను. బాలభారతి పుస్తకంలోని తెలుగు వేరు, వాడింటి తెలుగు వేరు. ఇంటి మాట తప్పయ్యాక ఇంటి సంగతి మాత్రం ఎట్లా రాస్తాడు? ఇప్పుడు ఆ మాటల్ని ముట్టుకోవడం లేదు, అక్షర దోషాలే దిద్దుతున్నాను.

ఆ అమ్మాయి రెండోసారి రాసిన పేజీలో వాళ్లమ్మ కత్తెర ఉంది. ఏళ్ల తరబడి పట్టుకోవడంతో బొటనవేలి దగ్గర కాయ కాసిందని రాసింది. దరఖాస్తు గడువు అప్పటికే దాటిపోయింది. వచ్చే ఏడు కాలేజీ నుంచి పెట్టుకోవచ్చు, కార్డు నా ఫోన్లోనే స్కాన్ చేస్తాను, నెట్ సెంటరుకు పోనక్కర్లేదన్నాను. అమ్మను అడిగి చెబుతానంది.