ఇచ్చే పాట లేదా మన దగ్గర?

“ఎవరి ఇష్టం వాళ్ళది సార్.” పాటల ముచ్చట ఎత్తితే మన పోరగాళ్ళు మొదట అనే మాట ఇది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒకరికి ఇళయరాజా, ఒకరికి తమన్, ఇంకొకరికి యూట్యూబ్ జానపదాలు. హాస్టల్ మెట్ల మీద ఇద్దరు దోస్తులు ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరొక చెవిలో పెట్టుకుని వింటుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు నేర్పారు అని అడగకుండా వదిలేయడానికి నేను ఒప్పుకోను. చింతచెట్టు కూడా ఎవరో గింజ పడేస్తేనే మొలుస్తుంది.

నిర్మల్ జిల్లాలో కడెం, పెంబి, ఖానాపూర్ వైపు పిల్లలకు పాఠాలు చెప్తున్నవాణ్ణి. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను మీకు బాగా నచ్చిన మూడు పాటలు కాగితం మీద రాయమన్నాను. గోండు, కోలాం, నాయకపోడు, ప్రధాన్ పిల్లలే ఎక్కువ ఆ తరగతిలో. వచ్చినవన్నీ సినిమా పాటలు, డీజే పాటలు. ఒక్క కాగితంలోనూ గోండి పాట లేదు, కొలామి పాట లేదు. మరునాడు వేరే ప్రశ్న వేశాను: దండారి పాటలు ఎవరెవరికి వచ్చు? చేతులు లేచాయి, ఒకటీ రెండూ కాదు. మరి నిన్న ఎందుకు రాయలేదు అంటే ఒక అమ్మాయి చెప్పింది: “మీరు పాటలు రాయుమన్నరు కద సార్. అవి మా ఇంట్ల పాడేటియి.”

ఆ పిల్ల తప్పేమీ లేదు. ‘పాట’ అనేది ఒకటి, ‘ఇంట్లో పాడేది’ ఇంకొకటి అని ఆమెకు ఎవరో చెప్పారు. ఎవరో ఏమిటి, మేమే చెప్పాం. బడిలో ప్రార్థన మన భాషలో ఉండదు. పుస్తకంలో గేయం మన భాషలో ఉండదు. వార్షికోత్సవానికి సినిమా పాట పెట్టి స్టెప్పులు నేర్పేది సార్లే, అందులో మన ఆదివాసీ సార్లూ ఉన్నారు. నేను టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు సాంస్కృతిక కార్యక్రమానికి మేం గోండి పాట పాడతామంటే ఒక లెక్చరర్ నవ్వి, “అందరికీ అర్థమయ్యేది పాడండి” అన్నారు. అదే వేదిక మీద హిందీ పాట పాడారు. అక్కడ ఎంతమందికి అర్థమైందో ఎవరూ లెక్కపెట్టలేదు.

గోండి ఎవరికి అర్థమవుతుంది అనే వాళ్ళకు ఒక లెక్క చెప్తాను. 2011 జనగణనలో గోండిని మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు దేశంలో 29 లక్షలకు పైనే. డోగ్రీ మాట్లాడేవాళ్ళ కంటే, బోడో మాట్లాడేవాళ్ళ కంటే ఎక్కువ. ఆ రెండు భాషలూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్నాయి, గోండి లేదు. పాట వినేవాళ్ళు లేరన్న మాట అబద్ధం. వినిపించేవాళ్ళు తగ్గారు, అంతే.

ఇష్టం ఎట్లా తయారవుతుందో చూడాలంటే కిన్నెర సంగతి చూడండి. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ ఊరూరా తిరిగి కథలు చెప్పుకున్నాడు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో ఆయన గొంతు వినపడగానే మన హాస్టళ్ళలో కూడా అది రింగ్‌టోన్ అయిపోయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే, ఆయనకు అది ఎప్పుడో దక్కాల్సింది. కానీ ఆ రింగ్‌టోన్ పెట్టుకున్న పిల్లల్లో కొందరి ఇళ్ళలో గోడకు కిక్రి వేలాడుతున్నది. కిన్నెర మీటేది, కిక్రి కమానుతో వాయించేది. వాద్యాలు వేరైనా, తీగ మీద కథ పలికించడం రెంటిలోనూ ఉన్నదే. సినిమా పిలిచిన తీగ ముద్దొచ్చింది, తాత వాయించే తీగ ముద్దు రాలేదు. దీన్ని కూడా సొంత ఇష్టమే అందామా?

స్నేహితులతో పాటలు పంచుకోవడం ఫోన్లు వచ్చాక పుట్టిన పని కాదు. మన దండారి అంటే ఏమిటి? దీపావళికి ముందు ఒక గూడెం వాళ్ళు గుస్సాడీలతో, గుమేలాలతో, పర్రలతో, పెప్రేతో ఇంకో గూడేనికి చుట్టాలుగా పోతారు. రాత్రంతా పాడతారు, ఆడతారు, వాళ్ళు పెట్టింది తింటారు, తెల్లారి సెలవు తీసుకుంటారు. తర్వాత ఆ గూడెం వాళ్ళు వీళ్ళింటికి వస్తారు. ఒక ఊరి పాట ఇంకో ఊరికి పోయేది, అక్కడి పాట ఇక్కడికి వచ్చేది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది. ఇప్పుడు మన పిల్లలు దోస్తుల దగ్గర పుచ్చుకోవడమే చేస్తున్నారు. మంచిర్యాల పిల్లగాడు పంపిన పాట వింటారు, హైదరాబాద్ కాలేజీలో రూమ్మేట్ పంపినది వింటారు. తిరిగి “ఇది మాది, విను” అని ఒక్కటీ పంపరు. చేతిలో ఏమీ లేనట్టే ఉంటారు. నాకు కోపం తెప్పించేది సినిమా పాట కాదు, ఈ ఉత్త చేతులు.

పక్క తండా పిల్లలను చూడండి. బంజారా డీజే పాటలు, తీజ్ పాటలు స్టేటస్ పెట్టుకుంటారు, బస్సులో గట్టిగా పెడతారు, భాష రాని దోస్తులకు కూడా పంపుతారు. వాళ్ళతో మనకున్న పంచాయితీలు వేరే. ఈ విషయంలో మాత్రం వాళ్ళను చూసి నేర్చుకోవడం నామోషీ కాదు.

మార్లవాయి కనకరాజుకు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు వైపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. వనదేవతల కథలు, కోయల చరిత్ర డోలు మీద పాడినవాడు ఆయన. ఇద్దరూ 2024లో వెళ్ళిపోయారు. అప్పుడు మన యువకుల వాట్సాప్ నిండా నివాళులే. ఆ ఫోటోల వెనక నేను విన్నది మాత్రం సినిమా విషాద గీతాలు. రామచంద్రయ్య గొంతు ఎంతమంది ఫోన్లలో ఉంది? మంత్రి వస్తే గేటు దగ్గర గుస్సాడీ ఆడించే అధికారులను తిడతాం, తిట్టాల్సిందే. మనం మాత్రం వాళ్ళను ఫోటోగానే దాచుకున్నాం, పాటగా దాచుకోలేదు. 1940లలో వియన్నా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో కూర్చుని ప్రధాన్లు పాడే కథలు విని రాసుకున్నాడు. పరాయి మనిషికి ఉన్న ఓపిక మన ఇంట్లో ఎందుకు లేదు?

దీనికి గూడెం పెద్దలు చెప్పే మందు ఒక్కటే: డీజే బంద్ చేయాలి, ఫోన్లు గుంజుకోవాలి. ఆ మందు పని చేయదు. పండుగకు డీజే డబ్బాలు అద్దెకు తెచ్చేది పిల్లలే కావచ్చు, పైసలు ఇచ్చేది పెద్దలే కదా. ఇంకో మాట కూడా అడగాలి. కిక్రి మూగబోయిందని బాధపడే పటేళ్ళు తమ ప్రధాన్‌కు, తోటికి ఇవ్వాల్సింది ఇస్తున్నారా? మన సగల కథలన్నీ వాళ్ళ నోటనే నిలిచాయి. ధాన్యం ఇచ్చి, బట్టలు పెట్టి, ఆవునో మేకనో ఇచ్చి ఆదరించిన రోజులు పోయి, టెంటు వాడికి ఇచ్చినంత కూడా కిక్రి వాయించినవాడికి ఇవ్వని రోజులు వచ్చాయి. తండ్రికి కడుపు నిండని విద్య కొడుకు ఎందుకు నేర్చుకుంటాడు? పిల్లల ఇష్టాన్ని తప్పుపట్టే ముందు ఈ బాకీ తీర్చండి.

కొత్త మోత వస్తే పాత పాట చస్తుందనీ నేను అనుకోను. న్యూజిలాండ్‌లో మావోరీలు ఉన్నారు, మనలాగే భాష పోతుందని భయపడినవాళ్ళు. పాటేయా అనే చిన్న పట్నంలో మాంసం ఫ్యాక్టరీ 1982లో మూతపడి జనం పని లేక కూర్చున్నారు. డాల్వానియస్ ప్రైమ్ అనే సంగీతకారుడు, న్గోయి పెవైరంగి అనే పెద్దమ్మ కలిసి మావోరీ భాషలో ‘పోయ్ ఎ’ అనే పాట కట్టారు. మావోరీ పిల్లలు మావోరీలుగా ఉండడానికి సిగ్గుపడొద్దని ఆమె కోరిక. కింద ఆధునిక డ్రమ్ము బీటు, పైన పూర్తిగా మావోరీ మాటలు. రికార్డు కంపెనీలు వద్దంటే ప్రైమ్ సొంతంగా వేసుకున్నాడు. 1984లో ఆ దేశంలో అది మొదటి స్థానంలో నిలిచింది, నాలుగు వారాలు. కాబట్టి గోండి పాటకు డీజే బీటు కలిపే తమ్ముళ్ళను నేను తప్పుపట్టను. కానీ వాళ్ళలో కొందరు పాడిన అవ్వ పేరు వేయరు, ఊరి పేరు వేయరు, తమ ఛానల్ పేరు మాత్రం తెర నిండా వేసుకుంటారు. అది పంచుకోవడం కాదు, ఎత్తుకపోవడం.

సార్లు, మేడమ్‌లు, మీకు చెప్పేది చిన్న పనే. దసరా, దీపావళి సెలవులకు పిల్లలు ఇంటికి పోతారు, అదే దండారి కాలం. ఒక్కొక్కరు ఒక్క పాట తెమ్మనండి. పాడినవారి పేరు, ఊరు, ఎప్పుడు పాడతారు, ఏ వాద్యం — ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాయించండి. పెళ్ళికి కొట్టే దరువు వేరు, చావుకు కొట్టేది వేరు, తేడా తెలియకుండా స్టేటస్ పెడితే అవ్వాతాతలు నొచ్చుకుంటారు. పేన్ ముందు తప్ప పాడకూడనివి కొన్ని ఉంటాయి. పెద్దలు వద్దంటే రికార్డు చేయొద్దు, విని రావాలి. సెలవులయ్యాక తరగతిలో కోలాం పిల్ల పాటను గోండు పిల్లగాడు వినాలి, నాయకపోడు పిల్ల పాటను ప్రధాన్ పిల్లగాడు వినాలి. ఆ తర్వాత పట్నంలో ఉన్న దోస్తులకు పంపుకోనివ్వండి. అర్థం అడిగితే చెప్పుకోనివ్వండి. ఆదిలాబాద్ రేడియోలో గోండి కార్యక్రమం వస్తుంది, దాన్ని ఒకసారి బడిలో గట్టిగా పెట్టండి, మైకు సినిమా పాటలకే కొన్నది కాదు.

కిక్రి వాయించే పెద్దాయన దగ్గరికి పోయినప్పుడు ఉత్త చేతులతో పోవద్దు. ఆయన ఎంత అడిగితే అంత ఇవ్వండి, బేరం ఆడొద్దు.