విల్లుకీ ఒక ఒర కావాలి

విల్లు మైదానంలో విరగదు, బస్సులో విరుగుతుంది. నమ్మకం లేకపోతే సాయంత్రం గ్రౌండులో ప్రాక్టీసు చేసే మన అమ్మాయిలను అడిగి చూడండి. సింగానల్లూరులో బస్సెక్కి మదురై ఆరప్పాళయంలో దిగేసరికి ఐదారు గంటలు పడుతుంది. అంతసేపూ విల్లు ఎక్కడుంటుంది? దుప్పట్లో చుట్టి పైన సామాన్ల అరలో పెడతాం. పళనిలో ఎవరో ఎక్కి దాని మీద బియ్యం మూట పెడతారు. దిండుక్కల్లులో ఇంకొకరు ఇనప పెట్టె పెడతారు. వాళ్ళ తప్పేమీ లేదు. దుప్పటి చుట్ట కనబడితే లోపల మెత్తటి సామానే ఉందనుకుంటారు కదా.

నా క్లాసులో ఒకమ్మాయి ఉంది. మదురై పక్క పల్లె, మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పోయిన ఏడాది పోటీకి పోయే దారిలోనే ఆమె వెదురు విల్లు కొన దగ్గర నిలువునా చీలింది. అక్కడ ఎవరిదో విల్లు అడిగి తీసుకుని వేసింది. అలవాటు లేని విల్లుతో ఎంత బాగా వేయగలరో అంతే వేసింది. అసలు సంగతి ఆ తరువాత జరిగింది. సొంత విల్లు అది, మళ్ళీ కొనాలి. ఇంట్లో అడిగితే వాళ్ళ నాయన కోప్పడలేదు, తిట్టలేదు. "పోనీలేమ్మా, చదువు చూసుకో, చాల్లే" అన్నారట. అంతే, ఆట ఆగిపోయింది. తమ్ముడి క్రికెట్ బ్యాటు విరిగితే అదే ఇంట్లో వారం తిరక్కుండా ఇంకో బ్యాటు వస్తుంది. ఆడపిల్ల విల్లు విరిగితే అది మానడానికి మంచి సాకు అవుతుంది. అందుకే మన విళ్ళు విరగకూడదు. వస్తువు ఖరీదు సంగతి నాకు తరువాతి మాట.

నేను చెప్పదలచుకున్నది ఇది. కాలేజీ ఏ అమ్మాయి చేతికి విల్లు ఇచ్చినా దానితో పాటు ఒక గట్టి గొట్టం కూడా ఇవ్వాలి. ఆ గొట్టం కొననక్కర్లేదు, ఒక శనివారం పొద్దున కూర్చుంటే మనమే చేసుకోవచ్చు.

ముందు ఏ విల్లో చెప్పాలి, ఎందుకంటే అన్నిటికీ గొట్టం పనికిరాదు. మన దగ్గర ఎక్కువ మంది పట్టేది ఇండియన్ రౌండ్ వెదురు విల్లు. అది ఒకే ముక్క, విప్పడానికి లేదు. అల్లెత్రాడు దించితే ఇంచుమించు తిన్నని కర్ర అయిపోతుంది. గొట్టం దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. రికర్వ్ విల్లు మూడు ముక్కలుగా ఊడుతుంది. నడిమి పిడి సంచిలో పోతుంది, రెండు రెక్కలకి మాత్రం రక్షణ కావాలి. పోటీకి పనికొచ్చే రికర్వ్ సెట్టు లక్ష రూపాయలు దాటడం మామూలే, కాబట్టి ఆ రెక్కల విషయంలో ఇంకా జాగ్రత్త. ఇక కాంపౌండ్ విల్లు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ చేతిలో ఉండేది అదే. దానికి చివర్లలో చక్రాలుంటాయి, తాళ్ళు ఎప్పుడూ బిగించే ఉంటాయి, ప్రెస్ అనే యంత్రం లేకుండా దించకూడదు. అది గొట్టంలో పట్టదు, దానికి పెట్టెే కావాలి. కాంపౌండ్ పట్టే స్థాయికి మనలో ఎవరైనా వచ్చిన రోజు ఆ పెట్టె గురించి ఇంకో వ్యాసం రాస్తాను.

మా నాయన మోటారు పంపుల మెకానిక్కు. అందువల్ల పైపుల మధ్యే పెరిగాను, ఈ లెక్క నాకు కష్టం కాలేదు. మేడ మీద నుంచి వాన నీళ్ళు దిగడానికి వేస్తారే, ఆ 110 మిల్లీమీటర్ల పలచని పీవీసీ పైపు చాలు. మందంగా ఉండే రకం వద్దు, మోసే భుజం మనదే. మామూలుగా 3 మీటర్ల ముక్క దొరుకుతుంది, అంటే పది అడుగులకు కాస్త తక్కువ. మన వెదురు విళ్ళు ఐదున్నర అడుగుల లోపే కాబట్టి ఆరడుగులు విల్లుకి కోయాలి. మిగిలేది నాలుగడుగులకు కొంచెం తక్కువ. బాణం రెండున్నర అడుగులు కాబట్టి ఆ ముక్క బాణాలకి సరిపోతుంది. ఒక పైపుతో రెండు పనులూ అయిపోతాయి, గజం ముక్క కూడా వృథా పోదు. ఆరడుగుల గొట్టం బరువు రెండు కిలోల దగ్గర ఉంటుంది. మూతలు, సొల్యూషన్ డబ్బా కలిపి ఖర్చు వెయ్యి రూపాయలకి అటూ ఇటూ.

కోత తిన్నగా రావాలంటే పైపు చుట్టూ న్యూస్‌పేపర్ అంచు కలిసేలా చుట్టి, ఆ అంచు వెంబడి గీత గీసి హాక్సా పట్టండి. కోసిన అంచుని ఉప్పు కాగితంతో బాగా రుద్దాలి, లేకపోతే అదే కత్తిలా విల్లుని గీకుతుంది. ఒక వైపు మూతని సొల్యూషన్ పూసి శాశ్వతంగా అంటించేయాలి. రెండో వైపుకి మర మూత, తిప్పితే ఊడేది. ఇక్కడ తొందర పనికిరాదు. సొల్యూషన్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు రోజులు, గొట్టం తెరిచే ఉంచాలి. ఆ ఆవిరి విల్లు మీది వార్నిష్‌ని చెడగొడుతుంది. మెత్తగా ఉంటుందని థర్మోకోల్ ముక్కలు కుక్కాలనుకుంటారేమో, సొల్యూషన్ తగిలితే థర్మోకోల్ కరిగి జిగురైపోతుంది. దానికంటే అరిగిపోయిన హవాయి చెప్పులు నయం. గుండ్రంగా కోసి రెండు కొసల్లో పెడితే గొట్టం నిలువుగా కిందపడినా విల్లు కొనకి దెబ్బ తగలదు.

లోపల విల్లు కదలకూడదు. దానికి పొడుగాటి బట్ట సంచి కుట్టాలి, పావడాకి కుట్టినట్టు మూతి దగ్గర నాడా దూర్చి. పాత నూలు చీర ఏదైనా సరిపోతుంది. (అవ్వ దగ్గర కోవై కోరా చీర ఉంటే దాని జోలికి పోకండి, విల్లు కన్నా ముందు మనం విరుగుతాం.) రెండు పొరలు కుడితే ఒకే గొట్టంలో రెండు విళ్ళు ఒకదానికొకటి రాసుకోకుండా పోతాయి. భుజానికి తగిలించుకోవడానికి నవారు పట్టీ, అది జారకుండా సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ఉంగరాలు. మూత పక్కన మేకంత సన్నని చిల్లు ఒకటి పెట్టండి. గాలి ఆడకపోతే వెదురు చెమ్మ పట్టి పాడవుతుంది. వెదురుకి పురుగు పట్టడం మన ఇళ్ళల్లో అందరూ చూసిందే, ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేసుకున్నా మంచిదే. ఎండ సంగతి కూడా చెప్పాలి. చిత్తిరై మాసంలో మూసిన కారులో గొట్టం వదిలేస్తే పీవీసీ మెత్తబడకపోయినా రికర్వ్ రెక్కల పొరల మధ్య జిగురు వదులు కావచ్చు. తెల్ల బట్ట చుట్టి నీడన పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, అల్లెత్రాడు దించకుండా విల్లుని గొట్టంలోకి తోయకండి.

మన ఊళ్ళో ఇంకో రకం గొట్టం ఉచితంగానే దొరుకుతుంది. బట్టల కొట్లలో తానులు చుట్టి వచ్చే అట్టగొట్టం. అమ్మేశాక బయట పారేస్తారు. నాలుగు మెట్లెక్కి అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. సన్నగా ఉంటుంది కాబట్టి విల్లుకి చాలదు గానీ బాణాలకి బాగా సరిపోతుంది. అయితే వానకి అది పనికిరాదు. లారీ పార్సిల్లో పంపేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పీవీసీ గొట్టమే పంపండి. పార్సిల్ పంపితే చిరునామా పైన అంటించడమే కాక ఒక చీటీ మీద రాసి లోపల కూడా వేయండి. పై కాగితం చినిగినా గొట్టం దారి తప్పదు.

"ఇంత తంటా ఎందుకు, కొనేస్తే పోలేదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అంగట్లో దొరికే గట్టి పెట్టెలు ఎక్కువగా ముక్కలుగా ఊడే విళ్ళ కోసం చేసినవి. మన ఐదున్నర అడుగుల ఒంటి ముక్క వాటిలో పట్టదు. పట్టేది వెతికి కొనాలంటే కొటేషన్లు, సంతకాలు, వచ్చే విద్యా సంవత్సరం. ఈలోగా ఇంకో అమ్మాయి ఇంట్లో "చాల్లే" అనే మాట వినేస్తుంది. పైగా మనం మాటకొస్తే జి.డి. నాయుడు గారి పేరు చెప్పుకుని మురిసిపోయే వాళ్ళం. ఆయన కుర్రతనంలో మోటారు సైకిల్ కొని, విప్పి, మళ్ళీ బిగించి పని నేర్చుకున్నారు. ఆయన మ్యూజియం చూడటానికి బస్సు కట్టుకుని పోతాం, ఒక పైపు కోయడానికి మాత్రం మనిషిని పిలుస్తామా?

ఇంకో ప్రశ్న మా మేడమే వేశారు: "ఇది పీఈటీ మేడమ్ గారి నోటీసు బోర్డు మీద పెట్టాల్సింది కదమ్మా, తెలుగు శాఖ గోడ మీద ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. విల్లు ఎలా దాచాలో మనం క్లాసులో చదువుతూనే ఉన్నామని నా జవాబు. విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి పోయే ముందు విళ్ళ నారి దించి, చుట్టి, శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద దాచారు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. ఏడాది తరువాత ఉత్తరుడు చెట్టెక్కి దించి కట్లు విప్పితే విళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నారి దించడం, చుట్టడం, ఎత్తున పెట్టడం, మందికి దూరంగా ఉంచడం, అన్నీ ఉన్నాయి అందులో. శవం ఒక్కటి మనం వదిలేద్దాం. వాల్మీకి బాలకాండలో అయితే జనకుడి దగ్గరున్న శివధనుస్సు ఎనిమిది చక్రాల ఇనప మందసంలో వస్తుంది, ఐదు వేల మంది లాగుతారు. సినిమాల్లో విల్లు ఒక్కటే చూపిస్తారు, పెట్టెని చూపించరు. చదివేటప్పుడు మనమూ పెట్టెని దాటేసి విల్లు దగ్గరికి పరుగెత్తుతాం.

ఇంతా చేసి దీన్ని ఏమని పిలవాలి? బాణాలకి అమ్ములపొది ఉంది. కత్తికి ఒర ఉంది. విల్లు పెట్టుకునే దానికి మాత్రం మా ఇంట్లో ఎవరినడిగినా వాడుక మాట చెప్పలేకపోయారు. విల్లు, అమ్ము అనే మాటలు అటు తమిళంలోనూ మనకు చుట్టాలే, విల్, అంబు. కానీ గొట్టం దగ్గర చిక్కు వస్తుంది. మన కోయంబత్తూరు ఇళ్ళల్లో తమిళం కలిసిపోయి పైపుని కుళాయి అనేస్తాం. ఆంధ్రా నుంచి వచ్చిన మా హాస్టల్ అక్క "విల్లు కుళాయి" అని విని, విల్లుకి నీళ్ళ పంపు ఎందుకే అని పడీ పడీ నవ్వింది. అక్కడ కుళాయి అంటే తిప్పితే నీళ్ళొచ్చేది.

స్పోర్ట్స్ గదిలో ఇప్పుడు ఆరు వెదురు విళ్ళున్నాయి. ఇద్దరిద్దరు కలిసి ప్రయాణం చేస్తారు కాబట్టి మూడు పైపులతో మొదలుపెట్టొచ్చు. పీఈటీ మేడమ్ పైపుల డబ్బు సంగతి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతానన్నారు. హాక్సా నేను తెస్తాను. పాత చీరలు, తెగిన చెప్పులు, నవారు మీరు తేవాలి, కుట్టు మిషను వచ్చిన వాళ్ళు ఇద్దరు కావాలి. ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, పేర్లు రాయండి. శాఖలోని మేడమ్ గార్లు ఆ పేరు సంగతి తేల్చి పెట్టాలి. నా ఓటు విల్లు ఒరకే. గొట్టం మీద పెయింటుతో రాసేది కూడా అదే, ఇంకో మంచి మాట శనివారం లోపు వస్తే తప్ప.