తరగతి వయసును బట్టి, పాఠం స్థాయిని బట్టి

మారేడ్‌పల్లి, చిలకలగూడ, వారాసిగూడ, లాలాగూడల్లో పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులం, ఆ బళ్లలో పాఠాలు చెప్పే టీచర్లం కలిసి రాసుకున్న ప్రణాళిక ఇది. మా పట్టు ఒక్కటే. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టే పద్ధతి పోవాలి.

అది ఎలా నడుస్తుందో సికింద్రాబాద్‌లో తెలియనివాళ్లు తక్కువ. పరీక్ష అవుతుంది, నోటీసు బోర్డు మీద లిస్టు పడుతుంది. మార్కులు తగ్గిన ‘ఎ’ సెక్షన్ పిల్లవాడు బ్యాగూ నీళ్ల సీసా పట్టుకుని డి సెక్షన్ గదికి వెళ్తాడు. అక్కడివాళ్లు జరిగి చోటిస్తారు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, లిస్టు అందరూ చూసిందే. అనుభవమున్న లెక్కల సారు ‘ఎ’ సెక్షన్‌కే. డి సెక్షన్‌కి మొన్న చేరిన టీచరు, ఆమె కూడా ఏడాది మధ్యలో మానేయకపోతే. ఇక ఆ పిల్లవాడు మళ్లీ పైకి వచ్చేదెట్లా? ఫీజు మాత్రం రెండు గదులకూ ఒకటే.

దీనికి జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ మన మారేడ్‌పల్లి నుంచే పనిచేసింది. శాంతా సిన్హా నాయకత్వంలో పొలాల్లో, పశువుల వెంట ఉన్న పిల్లల్ని బడికి తెచ్చింది. ఎన్నడూ పలక పట్టని పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే వారం నిలుస్తుందా? అందుకే ముందు బ్రిడ్జి కోర్సు శిబిరంలో చదువు చెప్పి, తర్వాత ఆమె ఈడు పిల్లలున్న తరగతిలోనే చేర్పించారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఇదే అంటుంది: వయసుకు తగిన తరగతి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ల పల్లె బళ్లలో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కార్డులతో, ఎవరి మెట్టు నుంచి వాళ్లు చదువుకుంటారు. అక్కడ వయసు గీత కూడా లేదు కదా అని మాలోనే కొందరన్నారు. నిజమే. అరవైమందితో కిక్కిరిసిన మన గదుల్లో అది రేపే సాధ్యమని మేం అనుకోవడం లేదు. కానీ స్థాయి చూడటానికి పిల్లల్ని వేరు గదుల్లోకి నెట్టక్కర్లేదని ఆ బళ్లు చూపించాయి.

వేగంగా చేసే పిల్లల తల్లిదండ్రుల బాధ కూడా మాకు తెలుసు. వచ్చిన లెక్కే మళ్లీ చేయించడం ఆ పిల్లకు శిక్షే. ఆమెకు పై లెక్కలివ్వాలి, అందుకు స్నేహితుల్ని వదిలి గది మారనక్కర్లేదు. తరగతి వయసును బట్టే ఉండాలి కాబట్టి డబుల్ ప్రమోషన్‌కి మాత్రం మేం ఒప్పుకోం.

మేం అడిగేవి ఇవీ. చీటీలు తీసి సెక్షన్లు కేటాయించాలి, ఏడాది మధ్యలో మార్చకూడదు. రోజుకో గంట చదవడానికి, లెక్కలకు మాత్రమే స్థాయిని బట్టి గుంపులు చేయాలి. నెలకోసారి పరీక్షించి గుంపులు మార్చాలి, గంట కాగానే ఎవరి తరగతికి వాళ్లు పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, బాగా చెప్పే టీచరు అడుగు గుంపుకే వెళ్లాలి. దీనిమీదే యాజమాన్యాలతో ఎక్కువ గొడవ వస్తుంది, వెనక్కి తగ్గం.

జూన్‌లో ఫీజు కట్టేముందు ఆఫీసు గదిలో ఒక్కమాట అడగండి: మా పిల్లను ఈ సెక్షన్‌లో ఎందుకు వేశారు? జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితం తీసుకుని మా దగ్గరికి రండి.