ఆత్మకథకు అర్హత పరీక్షా?

మొన్న ఒక సాహిత్య సభలో వేదిక మీది పెద్దమనిషి, "ఈమధ్య ప్రతివాళ్లూ ఆత్మకథలు రాసేస్తున్నారు, ఏం సాధించారని?" అన్నారు. చప్పట్లు మోగాయి. నా పక్కన ఒక రిటైర్డ్ టీచరమ్మ కూర్చున్నారు. తన కథ రాద్దామా వద్దా అని చాలాకాలంగా తటపటాయిస్తున్న మనిషి. ఆ చప్పట్ల మధ్య ఆవిడ ముఖం చూశాక నాకు ఒళ్లు మండిపోయింది.

సాధించినవాళ్లు రాసినవి చూస్తూనే ఉన్నాం కదా! వంశవృక్షం, పదవులు, బిరుదులు, శాలువాలు, మంత్రులతో ఫోటోలు. ఆ ఇంట్లో వంట ఎవరు చేశారో, వాళ్ల పొలం ఎవరు దున్నారో, ఆయన ఊళ్లు తిరుగుతుంటే పిల్లల జ్వరాలకు ఎవరు మేలుకున్నారో ఒక్క ముక్క ఉండదు. భార్య పేరు పెళ్లి దగ్గర ఒకసారి వస్తుంది, చివర కృతజ్ఞతల్లో మరోసారి వస్తుంది. అంతే. ఇలాంటి పుస్తకాన్ని అచ్చేయించి ఊరంతా పంచిపెట్టేవాళ్లను ఏ సభలోనూ ఎవరూ అర్హత అడగరు. అడిగేది టీచరమ్మనే, నేతపనివాణ్నే, బీడీలు చుట్టిన అమ్మనే. ఈ అన్యాయాన్ని సాహిత్య ప్రమాణం అంటే నేను ఒప్పుకోను.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారు 'నిర్జన వారధి' రాసేనాటికి తొంభై దాటారు. బాల్యంలోనే వైధవ్యం, తర్వాత పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. భర్త వదిలి వెళ్లాక మళ్లీ చదువుకుని, హాస్టల్ మేట్రన్‌గా పనిచేశారు. కూతుర్నీ కొడుకునీ పోగొట్టుకున్నారు. నక్సలైట్ నాయకుడైన భర్త కొండపల్లి సీతారామయ్య గారి గురించి రాజకీయ చరిత్రలు చాలానే చెప్పాయి. ఆ చరిత్ర ఇంట్లోపల ఎలా నడిచిందో 2012లో ఆ పుస్తకం వచ్చాకే చాలామందికి తెలిసింది. నలుగురూ ఏమంటారోనని ఆవిడ ఊరుకుని ఉంటే మనకేం మిగిలేది?

తెలంగాణ సాయుధ పోరాటం సంగతీ ఇంతే. నాయకులు తమ పుస్తకాలు తాము రాసుకున్నారు. తుపాకీ పట్టిన ఆడవాళ్లు, దళాలకు అన్నం మోసిన ఆడవాళ్లు ఏమనుకున్నారో తెలియడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు వెళ్లి, కూర్చోబెట్టి, మాట్లాడించి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. పోరాటం ఆగాక ఇళ్లకు పొమ్మన్నప్పటి బాధ అందులో బయటపడింది. "మా బతుకులో ఏముందమ్మా చెప్పడానికి" అని వాళ్లంతా నోరు మూసుకుని ఉంటే ఆ బాధ వాళ్లతోనే మట్టిలో కలిసిపోయేది.

భాష రాదంటారు కొందరు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు అంత పోరాడిన తర్వాత కూడా ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయడానికి జంకాలా? జ్ఞాపకం సరిగా ఉండదంటారు. ఉన్నంత మేరకే రాస్తారు.

ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందనే మాట ఒకటుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే. ఎవరి గుట్టు అది? కొట్టినవాడిది, ఆస్తి కాజేసినవాడిది, కులం పేరుతో గడప అవతల నిలబెట్టినవాడిది. దెబ్బ తిన్నవాళ్లు వాడి పరువును చచ్చేదాకా కాపాడాలట! తల్లి రాసుకున్న నోటుబుక్కును "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా" అని అటకెక్కించే కొడుకులనూ నేనెరుగుదును. చదువుకున్నవాళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్లు. అమ్మ చేతి ఆవకాయ కావాలి, అమ్మ మాట మాత్రం వద్దు.

ఎలా మొదలుపెట్టాలంటారా? పుట్టిన తేదీతో మాత్రం మొదలుపెట్టకండి. మొదటి జీతం, మొదటి అవమానం, ఇల్లు మారిన రోజు, ఏది ముందు గుర్తొస్తే అక్కణ్నుంచే రాయండి. చెయ్యి వణికితే ఫోన్‌లో చెప్పండి. ఆ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం గారి 'నా మాటే తుపాకీ తూటా' ఆవిడ చెబుతుంటే ఇతరులు రాసిందే. వరుస, అధ్యాయాలు తర్వాత చూసుకోవచ్చు. అచ్చు వేయాలా వద్దా అన్నది ఇంకా తర్వాతి సంగతి. నలభై ఏళ్లు బడి నడిపిన మనిషి, మగ్గం నేసిన మనిషి, నలుగురు పిల్లలను ఒంటిచేత్తో పెంచిన మనిషి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. రాయండి.