మీనాని కన్నదెవరు?

2016 జూన్‌లో అమ్మతో కలిసి పొన్నూరులో 'అ ఆ' చూశాను. ఇంటర్వెల్ కూడా కాకముందే అమ్మ నా మోచెయ్యి పొడిచి, "ఒరే, ఇది మీనా కదరా!" అంది. ఇల్లంతా తన మాటే సాగాలనే డబ్బున్న తల్లి, ఆవిడ ముందు నోరెత్తని తండ్రి, తల్లి లేనప్పుడు ఆవిడ కాదనుకున్న బంధువుల పల్లెకి వెళ్ళిన కూతురు, అక్కడో బావ. పెళ్ళికి ముందు అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని రెండు భాగాలూ చదివిన కథ. సినిమా అయ్యాక జనం లేచిపోతున్నా అమ్మ కదల్లేదు. చివర్లోనైనా యద్దనపూడి సులోచనారాణి పేరు వేస్తారని చూసింది. వెయ్యలేదు.

గొడవయ్యాక దర్శకుడు త్రివిక్రమ్ అది పొరపాటనీ, పేరు చేరుస్తామనీ చెప్పారు. సరే, పొరపాటే. అలాంటి పొరపాటు ఎవరి విషయంలో తేలిగ్గా జరుగుతుందన్నదే నా పేచీ.

"పాయింట్ మాత్రమే తీసుకున్నారు, మిగతాదంతా కొత్తదే" అని మా ఆఫీసులో ఒకతను వాదించాడు. నవ్వొచ్చింది. ఎవరో ఊరికే ఇచ్చిన పాతిక లైన్ల కోడ్ వాడుకున్నా, దాని లైసెన్స్‌తో పాటు రాసినవాడి పేరు ఉంచాలని మాకు తెలుసు. చుట్టూ లక్ష లైన్లు మనం రాసినా సరే. రెండు భాగాల నవలకి ఆపాటి మర్యాద కూడా లేదా?

తేడాలు లేవని కాదు. మాటలు, హాస్యం, రావు రమేష్ పాత్ర తీరు త్రివిక్రమ్ సొంతం. కానీ హీరోయిన్‌ని కథకి మధ్యలో నిలబెట్టాడని మనం మెచ్చుకున్నాం చూడండి, అది నవల ఇచ్చిన ఆస్తి. పోయింది కూడా ఉంది. నవల్లో మీనా మార్పు మెల్లగా, రోజువారీ పనుల్లో, భయంలో, తడబాటులో జరుగుతుంది. తెర మీద అది పంచ్ డైలాగుల వేగంతో దాటిపోతుంది. నవల్లో తండ్రి మౌనం గుచ్చుకుంటుంది, సినిమాలో నవ్విస్తుంది.

1973లో ఇదే నవలని విజయనిర్మల తెలుగులో తన మొదటి సినిమాగా, 'మీనా' అన్న పేరుతోనే తీసింది. హీరో మా తెనాలి పక్క బుర్రిపాలెం కృష్ణ. 'అ ఆ'లో తండ్రిగా వేసిన నరేష్ ఆవిడ కొడుకే. అంత దగ్గర చుట్టరికమున్న కథకి కన్నతల్లి పేరు దొరకలేదా?

సినిమావాళ్ళని అని ఊరుకుంటే మన తప్పు దాక్కుంటుంది. యద్దనపూడి అనగానే "ఆరడుగుల హీరో, పొడవాటి కారు" అని నవ్వింది మనం. 'సెక్రటరీ', 'జీవన తరంగాలు' కూడా సినిమాలయ్యాయి. అయినా ఆడవాళ్ళ కాలక్షేపమంటూ ఆ నవలల్ని సాహిత్యం గడప దాటనివ్వలేదు. మా తెనాలి కొడవటిగంటి 'చదువు'ని ఎవరైనా ఇలా పేరు లేకుండా తీస్తే మనమంతా వ్యాసాలు రాసేవాళ్ళం. ఈసారి ఎంతమందిమి రాశాం? నేనూ రాయలేదు. అప్పటికి నేను 'మీనా' చదవనే లేదు. చదవక్కర్లేదనే అనుకున్నాను.

2018 మేలో ఆవిడ పోయారు. ఆ వారమే అమ్మ దగ్గరున్న పాత కాపీ తీసి చదివాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆలస్యమే. పేరు మర్చిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.